కాంటా సున్నా

మిర్యాలగూడల రాత్రి డ్యూటీ నాది,
రైస్ మిల్లు గేటు పక్క కాంటా గది.
వడ్ల లారీ ఎక్కుతది,
అంకెలు కొంచెంసేపు వణుకుతయి, ఆగుతయి,
నేను రసీదు చింపుతా:
నిండు బరువు, ఖాళీ బరువు, అసలు బరువు.
పదకొండేండ్ల సంది గింతే నా లెక్క.

పాత బాయిలర్ వెనక, తుప్పు పట్టిన ఎలివేటర్ నెత్తిల
ఒక జంట కాపురముండేది.
ఊడ్చే సైదమ్మ చావుపిట్టలంటది వాటిని,
తుపుక్కున ఉమ్మి, కొంగు నెత్తిమీదికి లాక్కుంటది.
నేనైతే పేరు పెట్టి పిలవలే ఎన్నడు.
ఫ్లడ్ లైటు అంచు మీంచి తెల్లగ ఏదో జారిపోయేది,
రెక్క చప్పుడే ఉండకపోయేది.

ఒక్కపాలి దగ్గర్నుంచి చూసిన దాని ముఖం.
చేట.
అవును, చేటే.
చీకటిని అందుల పోసుకొని చెరుగుతది.
లారీ హారన్లు పొల్లుగ ఎగిరిపోతయి,
హమాలీల గురక పోతది, మర చప్పుడు పోతది,
గోనెసంచి కింద ఎలుక కొరుకుడు ఒక్కటి మిగులుతది.
ఇగ ఆ ఎలుక కథ ఒడిసినట్టే.

పొద్దున మెట్ల కింద బొటనవేలంత నల్లటి ఉండలు.
ఒకనాడు పనిలేక
రసీదు పుస్తకం మీద పెట్టి విప్పిన:
మూడు పుర్రెలు, పిడికెడు నూకలంత ఎముకలు,
నారింజ రంగు పళ్ళు.
సేటుకు జీతం ఖర్చు లేని ఇద్దరు పనోళ్ళని
సైదమ్మకు చూపిచ్చిన.
"పని చేస్తే చేసినయ్ గని
దాని కూత నా ఇంటి మీద పడొద్దు" అన్నది.
కూత గూడ కాదది,
కొత్త బట్ట నిలువునా చింపినట్టుంటది.

దీపావళికి ముందు ఎవడో బైకు మీద వచ్చిండు,
అమాస పూజకు కావాలె, జతకు ఎంతైనా ఇస్తనన్నడు.
లేవని అబద్ధమాడిన.
గా ఒక్క అబద్ధంతోని
యాసంగి దాక మంచోణ్ణని మురిసిన.

నల్లగొండ కాలేజీల చదివే నవనీత అనే పిల్ల
నోటుబుక్కు పట్టుకొని వచ్చింది.
లోకం మొత్తం మీద వీటిని లెక్కగట్టి
'పెద్ద ఆందోళన లేదు' అన్న వరుసల రాసిన్రంట.
"లోకం సరే అన్నా, మీ మిల్లుల ఎన్ని?" అని అడిగింది.
రెండన్న.
"పక్క మిల్లుల?"
అది కూలగొట్టి రేకుల షెడ్డు ఏసిన్రు.
"మీ ఊర్ల?"
గడి ఉండె. గడి గోడకు తొర్ర ఉండె.
ఇప్పుడు గా జాగల ఫంక్షన్ హాలున్నది.
ఆ పిల్ల అన్నీ రాసుకున్నది, చాయ్ తాగకుంటనే పోయింది.

యాసంగి వడ్లు దిగినంక సేటు నీలం బిళ్ళలు తెప్పించిండు.
డబ్బా మీద ఎలుక బొమ్మ, దానికి అడ్డగీత.
నేనే పెట్టిన.
గోడ మూలలకు, డ్రయ్యర్ కింద, కాంటా గుంతల.
తిన్న ఎలుక ఉన్నపాటున చావది.
మూడు నాలుగు దినాలు తూలుకుంట
నడి జాగల తిరుగుతది, వెలుతురుకు గూడ జడవది.
గూట్ల పిల్లలున్న తల్లికి
గంతకన్న అలకటి వేట ఏం దొరుకుతది?

అద్దంకి రోడ్డు మీద, మా గేటుకు ఎదురుంగ,
తెల్లటి సంచి గాలికి కొట్టుకుంటున్నదనుకున్న.
లారీ కొట్టిందా?
నా బిళ్ళ తూలగొట్టి లారీ ముందల ఏసిందా?
ముక్కు కొసకు ఒక్క చుక్క నెత్తురు, గంతే.
ఎందుకో తెల్వదు,
తెచ్చి కాంటా నడుమ పెట్టి గదిలకు పోయి చూసిన.

సున్నా.

నా కాంటా పది కిలోల లోపల దేన్నీ ఎరగదు.
అంకె వణకను గూడ వణకలే.

పైన ఎలివేటర్ల పిల్లలు బుస కొడుతున్నయి,
ఆకలి బుస, చక్కెర మీద నీళ్ళు పడ్డట్టు సన్నగ.
రెండోది ఎటు పోయిందో.
టార్చిలైటు పట్టుకొని మోకాళ్ళ మీద పాకిన
డ్రయ్యర్ కిందికి, మూలలకు, గుంతలకు.
పద్నాలుగు బిళ్ళలు పెట్టిన.
పదకొండు దొరికినయ్.

గేటు కాడ లారీ హారన్ కొడుతున్నది.